రాష్ట్రపతి భవన్ లోపలి గదులు: ఎక్కడ ఆగాలి, ఎటు చూడాలి

[దృశ్యం: రైసినా కొండ, దూరంగా గుమ్మటం]

రాష్ట్రపతి భవన్‌లో 340 గదులున్నాయి. మనకు చూపించేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గైడ్ వెంట గుంపుగా నడవాలి, వెనక్కెళ్లి మళ్లీ చూస్తానంటే కుదరదు. అందుకే ఎక్కడ తలెత్తాలో ముందే తెలుసుకుని వెళ్లండి.

ముందు బుకింగ్ సంగతి. అధికారిక వెబ్‌సైట్‌లో మూడు సర్క్యూట్లు కనిపిస్తాయి. గదులకు సర్క్యూట్ 1. రెండోది మ్యూజియం, మూడోది తోటలు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అమృత్ ఉద్యాన్‌కి బుక్ చేసుకుని, దర్బార్ హాలూ చూడొచ్చనుకుని వస్తారు. చూడనివ్వరు. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో ఆ కార్డు ఒరిజినలే చేతిలో ఉండాలి. లోపలి గదుల్లో ఫోటోలు నిషేధం.

[దృశ్యం: స్తంభం పైభాగం, క్లోజప్]

లోపలికి వెళ్లే ముందు బయటి స్తంభాల తలకట్టు చూడండి. నాలుగు మూలలా రాతి గంటలు చెక్కారు. గంట మోగితే రాజ్యం పోతుందని ఒక నమ్మకం ఉండేదట, అందుకే మోగని గంటలు పెట్టారని చెబుతారు. వైస్రాయ్ ఇర్విన్ ఈ ఇంట్లో దిగింది 1931లో. 16 ఏళ్లకే బ్రిటిష్ వాళ్లు సర్దుకున్నారు!

[దృశ్యం: గణతంత్ర మండపం]

దర్బార్ హాలుకి 2024 జులైలో గణతంత్ర మండపం అని పేరు మార్చారు. 1947 ఆగస్టు 15న నెహ్రూ మంత్రివర్గం ప్రమాణం చేసింది ఇక్కడే. గుమ్మటం కింద వేలాడే షాండ్లియర్ బరువు రెండు టన్నులు, అది దిగేది 33 మీటర్ల ఎత్తు నుంచి. అందరూ దాన్నే చూస్తూ నిలబడిపోతారు. మీరు రాష్ట్రపతి కుర్చీ వెనకున్న బుద్ధుడి దగ్గర కాసేపు ఆగండి. గుప్తుల కాలపు శిల్పం, 5వ శతాబ్దానిది. ఆ విగ్రహం నుంచి తిన్నగా గీత గీస్తే దూరాన ఇండియా గేట్ కొసకు తగులుతుంది. ఈ భవనం ఉన్న రైసినా కొండ ఎంత ఎత్తో అప్పుడు తెలుస్తుంది.

[దృశ్యం: అశోక్ మండపం పైకప్పు]

పక్కన అశోక్ మండపం, ఒకప్పటి డాన్స్ హాలు. నేల చెక్కది. పైకప్పు మధ్యలో తోలు మీద వేసిన పర్షియన్ చిత్రం ఉంది: ఇరాన్ రాజు ఫతే అలీ షా, 22 మంది కొడుకులతో వేటలో. చుట్టూ ఉన్నవి తర్వాత వైస్రాయ్ భార్య లేడీ విల్లింగ్డన్ వేయించినవి. ఇటాలియన్ చిత్రకారుడు కొలొనెల్లో చేతికింద మన కళాకారులు పని చేశారు. గోడ పక్క నుంచి మెడ వంచి చూస్తే సరిగ్గా అందదు. చోటు దొరికితే మధ్యకు రండి.

బాంక్వెట్ హాలులో ఒకేసారి 104 మంది కూర్చుని భోంచేస్తారు. గోడల మీద మాజీ రాష్ట్రపతుల చిత్రాలుంటాయి. వాటి పైనున్న రంగు దీపాలు వడ్డన మొదలుపెట్టాలా, పళ్లాలు తీసేయాలా అని బట్లర్లకు సైగ చేస్తాయి. నోరు మెదపకుండా విందు నడిచిపోతుంది. మనవాళ్లు రాధాకృష్ణన్, గిరి, సంజీవరెడ్డి ఎక్కడున్నారో ఇక్కడ వెతుక్కోండి. గైడ్ ఆగకపోతే అడగండి, చెబుతారు.