డార్ట్‌మౌత్ కాలేజీ కేసు: చార్టర్ కూడా కాంట్రాక్టేనా?

నమస్తే అందరికీ. అమెరికా చరిత్రకు ఒక నోట్సు, సివిక్స్‌కు ఇంకొకటి, కాంట్రాక్ట్ లాకు మరొకటి రాసుకుంటున్నారా? ఈ వీడియోలో ఆ మూడూ ఒకే కేసులో చూద్దాం. స్క్రీన్ మీద పేరు చూడండి: డార్ట్‌మౌత్ కాలేజీ వర్సెస్ వుడ్‌వర్డ్, 1819, అమెరికా సుప్రీంకోర్టు.

ముందు కథ. న్యూ హాంప్‌షైర్ ఇంకా ఇంగ్లండ్ చేతిలో ఉన్నప్పుడు, 1769లో, మూడో జార్జి రాజు పేరున ఈ కాలేజీకి చార్టర్, అంటే కాలేజీని పెట్టి నడుపుకోవడానికి అధికార పత్రం, వచ్చింది. కాలేజీని 12 మంది ట్రస్టీలు నడపాలి, ఖాళీ ఏర్పడితే కొత్తవాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. రాజు అధికారం పోయింది, చార్టర్ మిగిలింది. 1815లో ట్రస్టీలకూ కాలేజీ ప్రెసిడెంట్ జాన్ వీలాక్‌కూ పడక ఆయన్ని తీసేశారు. గొడవ రాజకీయాల్లోకి పాకింది. 1816లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి కాలేజీని యూనివర్సిటీగా మార్చింది, ట్రస్టీలను 21 మందికి పెంచింది. పాత ట్రస్టీలు ఒప్పుకోలేదు. కాలేజీ రికార్డులు, ముద్ర కొత్త యూనివర్సిటీ వైపు వెళ్లిన కాలేజీ కార్యదర్శి వుడ్‌వర్డ్ దగ్గర ఉండిపోవడంతో ఆయన మీద దావా వేశారు. రాష్ట్ర కోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఇక్కడ సివిక్స్ వస్తుంది. రాజ్యాంగం ఆర్టికల్ 1, సెక్షన్ 10 ప్రకారం, కాంట్రాక్టుల కట్టుబాటును దెబ్బతీసే చట్టం ఏ రాష్ట్రమూ చేయకూడదు. ఈ మాట ఊరికే రాయలేదు. విప్లవ యుద్ధం తర్వాత రైతులు అప్పుల్లో మునిగారు. వాళ్లకు ఊరటగా కొన్ని రాష్ట్రాలు కాగితపు డబ్బు అచ్చువేశాయి, బాకీల వసూలును ఆపే చట్టాలు చేశాయి. అలాంటి ఊరట దొరకని మసాచుసెట్స్‌లో 1786లో అప్పులపాలైన రైతుల తిరుగుబాటే వచ్చింది, దాన్నే షేస్ తిరుగుబాటు అంటారు. 1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లకు ఇవన్నీ కళ్లముందే ఉన్నాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఈ క్లాజు కట్టడి చేసేది రాష్ట్రాలను, కాంగ్రెస్‌ను కాదు. పరీక్షల్లో చాలామంది ఇక్కడే తప్పుతారు.

మరి చార్టర్ కాంట్రాక్టు ఎలా అవుతుంది? కాంట్రాక్టుకు ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం కావాలి. కష్టమంతా ప్రతిఫలం దగ్గరే. 'నా సైకిల్ నీకు ఊరికే ఇస్తా' అని మాటిచ్చి తప్పితే అమెరికా కోర్టు మామూలుగా ఇప్పించదు. '50 డాలర్లకు ఇస్తా' అంటే, మీరు సరే అంటే, ఇప్పిస్తుంది. భారత కాంట్రాక్ట్ చట్టం, 1872 చదివినవాళ్లకు ఈ మాట పాతదే.

ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఇలా ఆలోచించారు: దాతలు చార్టర్‌ను నమ్మి డబ్బిచ్చారు, చదువు వల్ల ప్రజలకు మేలు జరిగింది, ప్రతిఫలానికి అది చాలు. కాబట్టి చార్టర్ కాంట్రాక్టే, దాన్ని మార్చిన రాష్ట్ర చట్టం చెల్లదు. తీర్పు 5-1. కాలేజీ తరఫున వాదించింది అక్కడే చదువుకున్న డేనియల్ వెబ్‌స్టర్. మార్షల్ వాదన నాకు బలంగా కనిపిస్తుంది గానీ, అదే కేసులో జడ్జి స్టోరీ రాసిన ఒక మాట ఇంకా ఎక్కువ పనికొచ్చింది: మార్చే హక్కును రాష్ట్రం ముందే చార్టర్‌లో రాసి ఉంచుకోవచ్చు. తర్వాత రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఈ క్లాజు తర్వాత మెత్తబడింది. మహా మాంద్యంలో, 1933లో, ఇళ్లు తాకట్టు పెట్టినవాళ్లకు మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసి గడువు పొడిగించింది. బ్యాంకులకు అది కాంట్రాక్టును దెబ్బతీయడమే కదా? 1934లో బ్లెయిస్‌డెల్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. మెజారిటీ తరఫున ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ రాశారు, వ్యతిరేకంగా జడ్జి సదర్లాండ్ రాశారు. వీడియో పాజ్ చేసి ముందు సదర్లాండ్‌ది చదవండి, తర్వాత హ్యూస్‌ది. షేస్ రోజుల నాటి అప్పులవాళ్ల కష్టాన్ని ఇద్దరిలో ఎవరు ఎలా వాడుకున్నారో కామెంట్‌లో రాయండి, వచ్చే క్లాసు అక్కడినుంచే మొదలుపెడతాను.