తాడు లాగి చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు నుంచి నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర మానుకుని కడప దాకా వచ్చిన మిత్రులకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న ఫైనలియర్ పిల్లలకు.

ఈరోజు ఇంజినీర్స్ డే. విశ్వేశ్వరయ్య గారి గురించి ఇందాక ఇద్దరు నాకన్నా బాగా మాట్లాడారు, కాబట్టి నేను ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను. 1903లో పూణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన పెట్టించిన గేట్లు, నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునేవి. మనిషి వచ్చి తిప్పేదాకా వరద ఆగదు కదా, అదీ ఆయన ఆలోచన. ఈ గేటు మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

సేఫ్టీ, రిలయబిలిటీ ఇంజినీర్లకు వృత్తి సంఘాల్లో సభ్యత్వం ఎందుకు అన్నది నాకిచ్చిన అంశం. రిలయబిలిటీ అంటే యంత్రం చెడిపోకుండా నమ్మకంగా పనిచేయడం. ఎనిమిది పాయింట్లు రాసుకొచ్చాను, కాగితం జేబులోనే ఉంది. కానీ పొద్దున వచ్చేదారిలో ఎర్రగుంట్ల నాలుగురోడ్ల దగ్గర టీకి ఆగితే ఒక మనిషి కనిపించాడు. కుడిచేత్తో గ్లాసు పట్టుకుని "బాగుండారా సార్" అన్నాడు. ఎడమ చెయ్యి మోచేతి కింద లేదు. అప్పట్నుంచి నాకు ఆ ఎనిమిది పాయింట్లు గుర్తుకు రావట్లేదు. ఆయన సంగతే చెప్తాను.

1994, ఆగస్టు. నేనొక సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరి మూడేళ్లు. ఈయన అప్పుడు ఇరవై ఏళ్ల పిల్లోడు, కాంట్రాక్టు హెల్పర్. సిమెంటు మిల్లు కింద సరుకు మోసే బెల్టు కన్వేయర్, దాని టెయిల్ పుల్లీ, అంటే బెల్టు తిరిగే వెనక చివరి చక్రం దగ్గర రాలిపడిన సరుకును పారతో ఎత్తి బెల్టు మీద వేస్తున్నాడు. బెల్టు తిరుగుతుండగానే. అప్పట్లో అందరూ అట్లాగే చేసేవాళ్లు. పార బెల్టుకూ పుల్లీకీ మధ్య చిక్కింది, పారతోపాటు చెయ్యి పోయింది. పక్కనున్న ఇంకో హెల్పర్ పుల్ కార్డ్ లాగాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కన్వేయర్ పొడవునా ఒక తాడు ఉంటుంది, ఎక్కడ పట్టి లాగినా స్విచ్ పడి బెల్టు ఆగిపోవాలి. రెండుసార్లు లాగాడు. ఆగలేదు. చివరకు నలభై అడుగులు పరుగెత్తి స్టాప్ బటన్ నొక్కాడు. ఆ తర్వాత నా ముందు నిలబడి వణుకుతూ ఒక్కటే మాట, "తాడు లాగినా సార్, ఆగల్యా. లాగినా సార్."

సాయంత్రం నేనే స్విచ్ మూత విప్పాను. లోపల సిమెంటు దుమ్ము వానకు తడిసి, ఎండకు ఆరి రాయైపోయింది. గోరుతో గీకితే రాలేదు. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే పెంకులు పెంకులుగా ఊడింది. దాని కింద లీవరు ఒక్క వెంట్రుకవాసి కూడా కదలకుండా బిగుసుకుని ఉంది. ఎన్ని నెలల నుంచి అట్లా ఉందో దేవుడికెరుక.

చెక్‌లిస్టులో మాత్రం ప్రతి సోమవారం రాసి ఉంది, పుల్ కార్డ్ ఓకే అని. కింద సంతకం నాది.

నేను అబద్ధం రాయలేదండీ. తాడు తెగలేదు, స్విచ్ ఊడిపోలేదు, చూశాను, ఓకే రాశాను. లాగి మాత్రం చూడలేదు. లాగితే బెల్టు ఆగుతుంది, బెల్టు ఆగితే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే ఫోను మోగుతుంది. అందుకని ఎవరూ లాగేవాళ్లు కాదు.

తర్వాత తొమ్మిదేళ్లకు, 2003లో, హైదరాబాదులో ఇంజినీర్ల సంఘం పెట్టిన ఒక మీటింగుకు సొంత సెలవు పెట్టుకుని పోయాను. ఒక థర్మల్ కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దాయన మాట్లాడుతూ బోర్డు మీద 'దాగిన వైఫల్యం' అని రాశారు. రోజూ తిరిగే మోటారు చెడిపోతే ఆగిపోతుంది, అందరికీ తెలుస్తుంది. అవసరం పడినప్పుడే పనిచేయాల్సిన వస్తువు, అంటే సేఫ్టీ వాల్వు, ఫైర్ పంపు, పుల్ కార్డ్, ఇవి చెడిపోయినా ఎవరికీ తెలియదు, అవసరం పడిన రోజే తెలుస్తుంది. దానికి మందు ఒక్కటే, గడువు పెట్టుకుని నిజంగా పనిచేయించి చూడటం. ఆ గదిలో ఏసీ ఉంది, అయినా నాకు చెమటలు పట్టాయి.

ఆయన ఒక లెక్క కూడా చెప్పారు, పిల్లలు రాసుకోండి. సగటున పదేళ్లకోసారి బిగుసుకుపోయే స్విచ్ ఒకటుంది అనుకుందాం. ఏడాదికోసారి లాగి చూస్తే, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో అది పనిచేయకపోయే అవకాశం సుమారు 20లో 1. నెలకోసారి లాగి చూస్తే 240లో 1. కొత్త స్విచ్ కొనలేదు, పైసా ఖర్చు లేదు, తాడు లాగడమే.

ఈ ఆలోచన ఎప్పటిదో తెలుసా? 1978లో అమెరికాలో నౌలన్, హీప్ అనే ఇద్దరు విమానాల మెయింటెనెన్స్ మీద ఇచ్చిన నివేదికలో ఉంది. వయసుతో అరిగి చెడిపోయే భాగాలు నూటికి 11 మాత్రమేనని చెప్పిందీ అదే నివేదిక. 1978! మా పిల్లోడి చెయ్యి పోయింది 1994లో. పదహారేళ్లపాటు ఆ మాట ఎర్రగుంట్ల చేరలేదు.

అంతకన్నా బాధపెట్టిన విషయం ఆ రోజు టీ విరామంలో తెలిసింది. నా సంగతి చెప్తే పక్కనాయన, "మాకూ జరిగింది సార్, 91లో, ఇదే రకం స్విచ్, ఇట్లాగే దుమ్ము గట్టిపడింది" అన్నాడు. ఏ ఫ్యాక్టరీ అని అడిగితే, మాకు పద్నాలుగు కిలోమీటర్లు. పద్నాలుగు కిలోమీటర్లండీ! మూడేళ్ల ముందు జరిగిన సంగతి మా గోడ దాటి లోపలికి రాలేదు, ఎందుకంటే వాళ్ల గోడ దాటి బయటికి రానివ్వలేదు. పెళ్లిళ్లలో కలుసుకుంటాం, దేవుని కడప రథోత్సవంలో కలుసుకుంటాం, కానీ మా దగ్గర ఫలానాది ఫెయిలైంది అని మాత్రం చెప్పుకోం. కంపెనీ పరువు.

ఇక గేటు. 2021 నవంబర్ 19 తెల్లవారుజాము ఈ హాల్లో రాజంపేట వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి ఏమయ్యాయో మీరు చూశారు. వరద చాలా పెద్దది, పైనుంచి పింఛా ప్రాజెక్టు నీళ్లూ వచ్చిపడ్డాయి, కాదనను. కానీ ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని పార్లమెంటులో కేంద్ర మంత్రే చెప్పారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు అక్కరకొచ్చే గేటూ, మా పుల్ కార్డూ ఒక్కటే జాతి.

సంఘాలు ఏమున్నాయంటారా? 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, కోల్‌కతా కేంద్రం. 1966 మార్చి 4న పెట్టిన నేషనల్ సేఫ్టీ కౌన్సిల్, మనం మార్చిలో బ్యాడ్జీలు పెట్టుకునే సేఫ్టీ వారం దానిదే. రిలయబిలిటీకైతే ముంబయిలో సొసైటీ ఫర్ రిలయబిలిటీ అండ్ సేఫ్టీ ఉంది. బ్రిటన్‌లో 1980 నుంచి సేఫ్టీ అండ్ రిలయబిలిటీ సొసైటీ నడుస్తోంది. అమెరికా వాళ్ల సేఫ్టీ సంఘం 1911 నాటిది, న్యూయార్క్ బట్టల ఫ్యాక్టరీ మంటల్లో 146 మంది పోయిన ఏడాదే మొదలైంది. బయటి సంఘాలు చాలావరకు సభ్యుణ్ణి ఏటా అడుగుతాయి, ఈ ఏడు ఏం నేర్చుకున్నావు, రాసి చూపించు అని. నాకు ఆ పద్ధతి ఇష్టం.

గల్ఫ్ పోవడానికి నెబోష్, అంటే బ్రిటన్ వాళ్ల సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు, చేసేవాళ్లు మన జిల్లాలో చాలామంది. చేయండి, తప్పేమీ లేదు, ఇంట్లో అప్పులు తీరాలి. కాకపోతే సర్టిఫికెట్ చేతికొచ్చాక పుస్తకం మూసేస్తున్నారు, అదే నా బాధ. యాజమాన్యాలకూ ఒక మాట. నేను మీటింగుకు సెలవడిగితే మా పైఅధికారి ఒకాయన "నువ్వు పోయి కూర్చుంటే కిల్న్ తిరుగుతుందా" అన్నాడు. కిల్న్ అంటే సిమెంటు ఫ్యాక్టరీలో తిరిగే పెద్ద కొలిమి. ముందు వరుసలో ప్లాంటు హెడ్‌లు ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నా, ఏడాదికి ముగ్గురికి సభ్యత్వ రుసుము కట్టండి, రెండు రోజులు డ్యూటీ కింద పంపండి. ఒక్క గంట షట్‌డౌన్‌కు మీకెంత పోతుందో మీకే తెలుసు.

పాయింట్లు మిగిలిపోయాయి, ఫర్వాలేదు. తలుపు దగ్గర బల్ల మీద సభ్యత్వ ఫారాలున్నాయి, స్టూడెంట్లకు వేరే ఫారం. ఇంకొకటి, వచ్చే నెల రెండో ఆదివారం పదింటికి ఇదే హాలు ఇస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. వచ్చేవాళ్లు ఒక్క పేజీ రాసుకుని రండి, మీ దగ్గర ఏది ఫెయిలైందో, ఎందుకైందో. కంపెనీ పేరు వద్దు, మనుషుల పేర్లు వద్దు. మొదటి పేజీ నాది, 1994 పుల్ కార్డ్. పొద్దున టీ దగ్గర ఆయన్ని కూడా అడిగాను, చెప్పమంటారా అని. "చెప్పు సార్, నేనూ వస్తా" అన్నాడు.