ఆ గరగర ఎక్కడిది?

శ్రోతలందరికీ నమస్కారమండి.

పోయిన కార్తీకంలో ఒక వడ్రంగి మేస్త్రీ గారు రాజోలు వైపు నుంచి పాలకొల్లులో మా కొట్టుకి వచ్చారు. చేతిలో గుడ్డసంచి, సంచిలో బ్యాటరీ డ్రిల్లు. దాన్ని బల్లమీద పెట్టి, “మాస్టారూ, దీని గొంతు మారిందండి” అన్నారు. పాడైందనలేదు, తిరగడం లేదనలేదు. గొంతు మారిందన్నారు. ఇన్నేళ్లుగా పనిముట్లు బాగుచేస్తున్నాను, జబ్బు ఇంత చక్కగా చెప్పినవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

వైరు లేకుండా బ్యాటరీతో తిరిగే ఈ డ్రిల్లు ఇప్పుడు ఒక్క వడ్రంగుల దగ్గరే లేదు. ఏసీలు బిగించే కుర్రాళ్ల దగ్గర ఉంది, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు చూసుకునేవాళ్ల దగ్గర ఉంది, ఇంట్లో కర్టెన్ రాడ్డు తామే బిగించుకుందామనుకునేవాళ్ల దగ్గరా ఉంది. అందులోంచి కొత్త శబ్దం ఏదైనా వచ్చిందంటే చాలు, అందరికీ టెన్షనే. కొందరు పట్టించుకోకుండా అలాగే వాడేస్తారు. కొందరు ఆ సాయంత్రమే స్క్రూలన్నీ విప్పేస్తారు. రెండు రకాల డ్రిల్లులూ చివరికి మా బల్లమీదికే వస్తాయి. విప్పకముందు వినాలండి. అదెంత పెద్ద శబ్దం అన్నది తరవాత చూడొచ్చు, ముందు అది ఎప్పుడు వస్తోందో తెలుసుకోవాలి.

వినడానికి మనకి మంచి సాయం ఉంది. శబ్దాలకి మన భాషలో ఉన్న మాటలు చూడండి. కీచు వేరు, కిర్రు వేరు. గరగర వేరు, లొడలొడ వేరు, చిటచిట వేరు. హాల్లో కూర్చుని కూడా వంటింట్లో చిటపటలు వింటే ఆవాలు వేగాయని తెలిసిపోతుంది కదా. డ్రిల్లు దగ్గరా అంతే. లొడలొడ అంటే ఏదో వదులైంది. గరగర అంటే గట్టిది గట్టిదానితో రాసుకుంటోంది. చిటచిట అంటే నిప్పురవ్వలు. నాకు ఫోన్ చేసేవాళ్లు “ఏదో సౌండ్ వస్తోందండి” అంటే, ఆ సౌండ్‌ని నోటితో చేసి వినిపించమంటాను. మొదట సిగ్గుపడతారు గానీ, చేశాక సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

మొదట చెయ్యాల్సిన పని ఒకటుంది. ముందున్న బిట్టు, అంటే బెజ్జం పెట్టే పుల్ల, తీసేసి ఖాళీగా తిప్పి చూడండి. శబ్దం పోయిందా, తప్పు మిషన్‌లో లేదు. బిట్టులోనో, దాన్ని బిగించిన తీరులోనో, మీరు బెజ్జం పెడుతున్న చెక్కలోనో గోడలోనో ఉంది. ఖాళీగా తిప్పినా శబ్దం అలాగే ఉంటే లోపల వెతకాలి. అప్పుడు పైనున్న ఒకటి, రెండు గేర్ల మీట మార్చి రెండిట్లోనూ వినండి. ఒక గేరులోనే వస్తే అనుమానం గేరుబాక్సు మీద. రెండిట్లోనూ ఒకేలా వస్తే మోటారు మీదో, ఇరుసు సాఫీగా తిరిగేలా పట్టుకునే బేరింగు మీదో. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు, స్క్రూడ్రైవర్ అవసరమే లేదు.

అసలు జబ్బే కాని శబ్దాలు కొన్ని ఉన్నాయి. కొత్తగా కొన్నవాళ్లని ఎక్కువగా భయపెట్టేవి ఇవే. ట్రిగ్గరు కొంచెమే నొక్కితే దోమ పాడినట్టు సన్నగా సుయ్యిమని మోగుతుంది. వేగం తగ్గించడానికి లోపలి స్విచ్చు కరెంటుని సెకనుకి కొన్ని వేలసార్లు ఇస్తూ ఆపుతూ ఉంటుంది, దానికి మోటారు చుట్టలు సన్నగా పాడతాయి. అది మామూలే. ట్రిగ్గరు వదలగానే ఠక్కుమని ఆగడం కూడా మామూలే, దానికి బ్రేకు ఉంది. బిట్టుని దవడలతో పట్టుకునే ముందుభాగం చక్కు. దాని వెనక అంకెలున్న రింగు సంగతి మాత్రం కాస్త చెప్పాలి. స్క్రూ బిగుసుకోగానే టకటకటక అని కొడుతుంది చూడండి, అది క్లచ్. మీరు పెట్టిన అంకెకి సరిపడా బిగుతు వచ్చింది, ఇక చాలు అని చెప్పడం. చాలామంది అదే అంకె మీద ఉంచి చెక్కలో బెజ్జం వెయ్యబోతారు. బిట్టు ముందుకి వెళ్లదు, లోపల టకటకలు మాత్రం వినపడతాయి. గేర్లు విరిగాయని కొత్త డ్రిల్లు తిరిగి షాపుకి ఇచ్చేసినవాళ్లని చూశాను. రింగుని డ్రిల్లు బొమ్మ దగ్గరికి తిప్పితే సరిపోయేది.

అలాగే సుత్తి బొమ్మ. దాని మీద పెడితే లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎగిరి పడుతూ బిట్టుని ముందుకి కొడతాయి. అందుకే అంత రొద. ఇటుక గోడకి అది కావాలి. మన వైపు ఎర్ర ఇటుక మెత్తన, బిట్టు బుస్సుమని దిగిపోతుంది. అదే స్లాబులో వేస్తూ వేస్తూ ఉంటే ఒక్కసారిగా మోత మారి, ఖంగుమని ఇనుము మీద ఇనుము కొట్టినట్టు వినిపిస్తుంది. లోపలి ఊచ తగిలింది. అక్కడ ఆపెయ్యండి. బలంగా నొక్కితే బిట్టు కొన పోతుంది, ఊచకీ మంచిది కాదు, రెండు అంగుళాలు పక్కకి జరగండి. చెక్కకీ రేకుకీ సుత్తి అక్కర్లేదు, పొరపాటున దానిమీదే ఉండిపోయిందేమో చూసుకోండి.

కీచుమంటూ పొగ వస్తోందంటే నేను మొదట చూసేది తిరిగే దిక్కు. నవ్వకండి, అనుభవం ఉన్నవాళ్లకీ జరుగుతుంది. స్క్రూ విప్పడానికి రివర్స్‌లో పెడతారు, మళ్లీ మార్చడం మర్చిపోతారు, బిట్టు వెనక్కి తిరుగుతూ చెక్కని కోయకుండా కాలుస్తుంది. దిక్కు సరిగానే ఉంటే బిట్టు మొద్దుబారింది. గోడ బిట్టుతో ఇనుప రేకు పొడుస్తున్నా ఇదే కీచు.

లొడలొడ అంటే చాలాసార్లు చక్కే. సన్నబిట్టు మూడు దవడల మధ్యలో కాకుండా ఏ రెండింటి మధ్యనో పక్కకి ఇరుక్కుంటుంది, తిప్పితే కొన గుండ్రంగా ఊగుతూ గడగడలాడుతుంది. తీసి మళ్లీ పెట్టుకోండి. బిట్టు లేకుండా చక్కుని పట్టుకుని పైకీ కిందకీ కదిపితే వెంట్రుకవాసి ఆడడం పర్వాలేదు. కంటికి తెలిసేంత ఆడితే దవడలు పూర్తిగా తెరిచి లోపలికి టార్చి వెయ్యండి. చాలా డ్రిల్లుల్లో అడుగున ఒక స్క్రూ ఉంటుంది. అది ఎడమ మర స్క్రూ, మామూలుకి తిరగబడి. బిగించాలంటే ఎడమ వైపుకి తిప్పాలి, కుడికి తిప్పితే ఊడి చేతికొస్తుంది. అది బిగిసినా ఇంకా ఆడుతోందంటే లోపలి బేరింగో బుష్షో అరిగింది. ఇంకొకటి, బ్యాటరీ. టక్కుమని లాక్ పడేదాకా తోయకపోతే అదీ లొడలొడలాడుతుంది. దానికోసం డ్రిల్లంతా విప్పినవాళ్లున్నారు.

ఇప్పుడు గరగర. దీనికి కొంచెం లోపలికి వెళ్లాలి. డ్రిల్లులో మోటారు సుమారుగా నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. మనకి బిట్టు దగ్గర కావలసింది మొదటి గేరులో నాలుగైదు వందలు. అంత వేగం తగ్గించి ఆ మేరకి బలం పెంచేది గేరుబాక్సు. మధ్యలో చిన్న పళ్లచక్రం, దాని చుట్టూ మూడో నాలుగో చక్రాలు, వాటన్నిటి చుట్టూ లోపలివైపు పళ్లున్న కట్టు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరుగుతాయని ఇంగ్లీషులో ప్లానెటరీ అన్నారు. ఇవి ఇంచుమించు పిడికిట్లో పట్టేంత చోటులో రెండు మూడు వరసలు ఉంటాయి. గేరు మీట సగంలో ఆగిపోతే పళ్లు పూర్తిగా కలవక అంచులు రాసుకుంటాయి, గరగరమంటుంది. తిరుగుతుండగా గేరు మార్చేవాళ్లు రోజూ చేసేది ఇదే. పూర్తిగా ఆపి మార్చాలి. మీట పడకపోతే బలవంతపెట్టకుండా ట్రిగ్గరుని ఒక్కసారి తాకి వదిలి, ఆగాక మళ్లీ తోయండి, పడుతుంది.

మీట సరిగ్గా ఉన్నా గరగర ఆగకపోతే గ్రీజు ఎండి ఉండాలి, లేదా పళ్లు అరిగి ఉండాలి. రెండో గేరులో పెట్టి పెద్ద బిట్టుతో టేకు దూలంలోకి అదేపనిగా నొక్కితే పళ్ల మీద పడే భారం ఇంతా అంతా కాదు. పెద్ద బెజ్జానికి మొదటి గేరే.

మేస్త్రీ గారి డ్రిల్లు దగ్గరికి వస్తాను. బిట్టు తీసి తిప్పాం. బుర్రుమని, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మోత. రెండు గేర్లలోనూ అదే. అంటే మోటారు వైపు. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, డ్రిల్లు పై తొడుగు విప్పాను. ఒక్కో అడుగుకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ స్ప్రింగు కింద ఏ గోళీ ఉందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుండదు. మోటారు వెనక ఫ్యాను చుట్టూ గోధుమరంగు ఉండ ఒకటి కనిపించింది. చిమటాతో పట్టి లాగితే పొడుగ్గా సాగింది. కొబ్బరి పీచు. ఆయన ఓ నెల్లాళ్లుగా అంబాజీపేట దగ్గర పీచు తీసే షెడ్డులో తలుపులు, బల్లలు చేస్తున్నారట. గాలి కోసం డ్రిల్లుకి పెట్టిన కన్నాల్లోంచి పీచు కొంచెం కొంచెంగా లోపలికి వెళ్లి ఫ్యానుకి చుట్టుకుంది. అయితే ఉత్త పీచయితే ఇంత గట్టిగా అంటుకోదు. వేలితో తాకితే జిడ్డుగా, కమ్మగా వాసన.

“కొబ్బరినూనె వేశారా మేస్త్రీ గారూ?” అన్నాను.

“ఆయ్, వేశానండి. కిర్రుమంటుంటే నాలుగు చుక్కలు” అన్నారు.

మా వైపు కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనె వెయ్యడం అలవాటు. తలుపు బందుకి వెయ్యండి, గేటుకి వెయ్యండి. డ్రిల్లు లోపలికి వద్దు. అది గేరుబాక్సులోని గ్రీజుని పలచన చేసి బయటికి కార్చేస్తుంది. దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. ఇరవై నాలుగు డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది, ధనుర్మాసం పొద్దున్నే సీసాలో చూస్తూనే ఉంటాం కదా. గేరుబాక్సుకి కావలసింది లిథియం గ్రీజు, అదీ పళ్లకి పల్చగా రాసినంతే.

ఆయన గేరుబాక్సు కూడా తెరిచాను. నల్లటి గ్రీజుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి ఆయన వేలికీ కొంచెం రాశాను. కాటుకలా మెత్తగా జారితే పళ్లు బాగున్నట్టు. ఇసుకలా గరుకుగా ఉండి వెలుతురులో తళుకు కనిపిస్తే పళ్ల ఇనుము రాలుతున్నట్టు. ఆయనది మెత్తగానే ఉంది, పలచబడిందంతే. మోటారు వెనక చిన్న బేరింగు మాత్రం చేత్తో తిప్పితే గుర్రుమంది. మార్చాం.

బేరింగుకి మన నేలలో ఇంకో శత్రువు ఉంది, ఒండ్రు. 2022 జూలైలో గోదావరి పొంగి లంకల్లోకి నీళ్లు వచ్చాక, బురదలో తడిసిన పనిముట్లు ఎన్నో తెచ్చారు. డ్రిల్లు పైకి ఎండిపోయినట్టే ఉంటుంది, లోపల మాత్రం గోధుమపిండి కన్నా సన్నటి ఒండ్రు బేరింగులో కూర్చుని రుబ్బుతూ ఉంటుంది. శబ్దం రోజురోజుకీ పెరుగుతుంది. అలాంటి డ్రిల్లుని తిప్పి చూడకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. దాని బ్యాటరీని మాత్రం ఎండబెట్టి ఛార్జింగు పెట్టే ప్రయత్నం చెయ్యకండి, చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. వరద నీళ్లలో మునిగిన లిథియం బ్యాటరీ ఛార్జింగులో అంటుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీ కూడా అంతే. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకి ఉప్పుగాలి వల్ల చక్కు దవడలు తుప్పుపట్టి కిర్రుమంటాయి. అక్కడ మిషన్ ఆయిల్ ఒక చుక్క, చక్కు కిందకి వంచి పట్టుకుని వెయ్యండి, తుడిచెయ్యండి.

చిటచిట గురించి ఒక్క మాట. తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే బ్రష్‌లని మేం కార్బన్లంటాం. అవి ఉన్న మోటారులో గాలికన్నాల్లోంచి చిన్న నీలిరవ్వలు కనిపించడం మామూలు. చుట్టూ నిప్పుల వలయంలా కనిపిస్తూ, కాలిన వాసన వస్తుంటే కార్బన్లు అరిగాయి. కొన్ని డ్రిల్లుల్లో కార్బన్లు విడిగా మారవు, మోటారే మార్చాలి. బ్రష్‌లెస్ అని రాసి ఉన్నవాటిలో అసలు కార్బన్లే ఉండవు. అది తిరగకుండా అక్కడే వణుకుతూ కటకటమంటే లోపలి సర్క్యూటుదో వైరుదో సమస్య, ఇంట్లో విప్పకండి.

మేస్త్రీ గారి డ్రిల్లు సాయంత్రానికి తయారైంది. బ్యాటరీ పెట్టి ఆయన చేతికిచ్చాను. ట్రిగ్గరు ఒకసారి మెల్లగా నొక్కారు, సుయ్యిమంది. పూర్తిగా నొక్కారు. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మొదటి గేరు, తరవాత ఆపి రెండో గేరు, మళ్లీ మొదటిది. “ఇదండీ దీని గొంతు” అన్నారు. బ్యాటరీ తీసి విడిగా జేబులో వేసుకుని, డ్రిల్లుని సంచిలో పెట్టబోతూ ఆగారు. సంచిని తిరగేసి గట్టిగా దులిపారు. అడుగునుంచి గుప్పెడు పీచు రాలింది.