రెండు బాంబులు, పాతిక వేల లీటర్ల పెట్రోలు
(ఖరగ్‌పూర్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న రైల్వే వర్క్‌షాపు రిటైర్డ్ ఉద్యోగులకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే. కానీ ఇచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. పెద్దలు మన్నించాలి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1944లో, మనం కూర్చున్న ఈ ఊరి చుట్టుపక్కల నుంచి బి-29 అనే అమెరికన్ విమానాలు లేచాయి. ఆనాటికి యుద్ధంలో వాడిన బాంబర్లలో అన్నిటికన్నా పెద్దవి. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీ, వీటి స్థావరాలు. అమెరికన్ల ఇరవయ్యో బాంబర్ కమాండ్ ముఖ్య కార్యాలయం హిజ్లీ జైలు భవనంలో ఉండేది. 1931లో కాల్పులు జరిగి ఇద్దరు రాజకీయ ఖైదీలు ప్రాణాలు పోగొట్టుకున్న జైలు అదే. 1951లో మొదటి ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. మొదటి కథ, మూడో కథ మనకు తెలుసు. నడిమి కథ మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ఈరోజు అది చెబుతాను.

1944 నవంబర్ 5న ఇక్కడి నుంచి, అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న సింగపూర్ రేవు మీద జరిగిన దాడిని తీసుకుందాం. మొత్తం 76 విమానాలు బయల్దేరాయి. 53 సింగపూర్ మీద బాంబులు వేశాయి. ఏడు సుమాత్రాలోని పంగ్కలన్ బ్రాందన్ చమురు శుద్ధి కర్మాగారం మీద వేశాయి. రెండు విమానాలను కోల్పోయారు. పోనూ రానూ 6,000 కిలోమీటర్లకు పైగా దారి, అందులో ఎక్కువ భాగం సముద్రం మీదే. ఒక్కో విమానం మోసుకెళ్లిన బాంబులెన్నో తెలుసా? రెండు. ఒక్కొక్కటి వెయ్యి పౌండ్లు. రెండూ కలిపి దాదాపు 900 కిలోలు. ఈ విమానం తొమ్మిది టన్నుల దాకా బాంబులు మోయగలదు. మిగతా చోటు, మిగతా బరువు ఎక్కడికి పోయాయి? పెట్రోలుకి. పాతిక వేల లీటర్లకు పైగా పెట్రోలు. రెక్కల్లో ట్యాంకులు నింపి, అవి చాలక బాంబులు పెట్టాల్సిన అరలో కూడా ట్యాంకులు వేలాడదీశారు. దూరపు దాడి అంటే మొదట పెట్రోలు లెక్క. బాంబుల బరువు ఆ లెక్కలో చివరికి మిగిలేది. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

నిండుగా ఎక్కిస్తే 60 టన్నులు దాటే ఈ విమానానికి 6,000 అడుగుల రన్‌వే చాలదు. దాన్ని 7,500 అడుగులకు పొడిగించాలి. 1943 చివర్లో, 1944 మొదట్లో ఆ పని చేసింది అమెరికన్ ఇంజనీరు దళాలతో పాటు వేల మంది ఇక్కడి కూలీలు. మిడ్నపూర్ జిల్లాలో 1942 అక్టోబరులో తుపాను వచ్చింది, 1943లో కరువు. ఆ కరువు నుంచి తేరుకోని ఊళ్ల మనుషులు తట్టలతో మట్టీ కంకరా మోసి ఈ రన్‌వే పట్టీలు వేశారు. అమెరికన్ బృందాల చరిత్రల్లో పైలట్ల పేర్లున్నాయి, విమానాలకు పెట్టిన ముద్దు పేర్లు కూడా ఉన్నాయి. తట్ట మోసిన ఒక్క మనిషి పేరు లేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఇంజను. వర్క్‌షాపు వాళ్లు దయచేసి ఇటు చూడాలి, ఇది మీ భాషే.

ఒక్కో విమానానికి నాలుగు రైట్ ఆర్-3350 ఇంజన్లు. ఒక్కోటి 2,200 గుర్రాల శక్తి. 18 సిలిండర్లు గుండ్రంగా రెండు వరసల్లో, ముందు తొమ్మిది, వెనక తొమ్మిది. గాలితోనే చల్లారాలి, నీళ్లు లేవు. విమానం మొత్తానికి 72 సిలిండర్లు. సిలిండరుకు రెండు చొప్పున 144 స్పార్క్ ప్లగ్గులు. ముందు వరసకు చల్లగాలి బాగా తగులుతుంది. వెనక వరసకు వెళ్లేసరికి ఆ గాలి అప్పటికే కాగి ఉంటుంది. పైగా పై సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వుకు, అంటే కాలిన పొగను బయటికి వదిలే మూతకు, ఆయిలు సరిగ్గా అందదు. వాల్వు ఎర్రగా కాలి, దాని తల ఊడి సిలిండర్లో పడితే పిస్టన్ దాన్ని సుత్తితో బాదినట్టు బాదుతుంది. సిలిండరు పగులుతుంది, ఆయిలు కారుతుంది, నిప్పంటుకుంటుంది. ఇంజను వెనక భాగాల్లో మెగ్నీషియం లోహం ఉంది. అది ఒకసారి అంటుకుంటే ఆరదు. రెక్కలోని ముఖ్య దూలాన్నే కోసేస్తుంది.

ఇంకొకటి. ఇంజను ఆగిపోతే ప్రొపెల్లరు రెక్కల్ని గాలికి అంచు పెట్టి తిప్పాలి. లేకపోతే ఆ పదహారడుగుల ప్రొపెల్లరు గాలికి అడ్డంగా నిలబడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఆ తిప్పే పనికి కూడా ఆయిలే కావాలి. ఆయిలు మొత్తం కారిపోయాక తిప్పడం కుదరదు. అప్పుడు ప్రొపెల్లరు అదుపు తప్పి, వేగం పెరిగి పెరిగి ఊడిపోతుంది. ఊడి ఎటు పోతుందో చెప్పలేం. పక్క ఇంజనులోకి పోవచ్చు, మనుషులు కూర్చున్న గదిలోకీ రావచ్చు.

1944 ఏప్రిల్లో ఈ విమానాలు అమెరికా నుంచి ఇండియా వస్తుండగా వేడికి వరసగా ఇంజన్లు పాడై ప్రమాదాలు జరిగాయి. ఎగరడం ఆపేశారు. తర్వాత ఏం చేశారు? సిలిండర్ల మధ్య గాలిని ఎగ్జాస్ట్ వాల్వు వైపు మళ్లించే రేకులు వేశారు. ప్రొపెల్లరు మొదళ్లకు గాలిని లోపలికి తోసే తొడుగులు పెట్టారు. పై సిలిండర్లకు ఆయిలు పంపే గొట్టాలు అదనంగా కలిపారు. ఇంజను చుట్టూ తెరిచి మూసే కౌల్ ఫ్లాపులు అని ఉంటాయి, వాటిని కురచ చేశారు. కౌల్ ఫ్లాపు సంగతి వినండి. పూర్తిగా తెరిస్తే ఇంజను చల్లబడుతుంది, కానీ విమానానికి గాలి అడ్డం తగిలి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మూస్తే పెట్రోలు మిగులుతుంది, ఇంజను కాలుతుంది. మన మేలో, ఏప్రిల్లో నీడలోనే నలభై దాటుతుంది. ఆ ఎండలో రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ ఎక్కుతుంది. ఆ రేకు మీద కూర్చుని మెకానిక్కులు ప్లగ్గులు మార్చారు.

రైలింజను దగ్గర జీవితం గడిపిన మీకు నేను వేరే చెప్పాలా? ఇంజను దారిలో ఆగితే రైలు ఆగుతుంది. సముద్రం మధ్యలో ఆగితే?

ఈ విమానంలో పదకొండు మంది. అందులో ఒకాయన ఫ్లైట్ ఇంజనీరు, రెండో పైలట్‌కు వెనక, తోక వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. ఆయన ముందు బల్ల నిండా గడియారాల్లాంటి మీటర్లు. చేతిలో చార్టు, పెన్సిలు. గంట గంటకూ ఎంత పెట్రోలు తాగింది, ఎంత మిగిలింది, బరువు ఎంత తగ్గింది, ఇవి రాసుకోవడం ఆయన పని. బరువు తగ్గేకొద్దీ ఇంజను తిరిగే వేగం తగ్గిస్తూ పోవాలి. ఇంజనులోకి పోయే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గించాలి. మరీ తగ్గిస్తే మళ్లీ సిలిండరు కాలుతుంది. బాంబు అరలోని ట్యాంకుల పెట్రోలును ముందుగా రెక్కల్లోని ట్యాంకుల్లోకి తోడేయాలి. తోడే పంపు పనిచేయకపోతే ఆ పెట్రోలు విమానంలో ఉండీ లేనట్టే. వెనక్కి తిరగడం తప్ప దారి లేదు. పైకి ఎక్కడం కూడా ఖర్చే. అందుకని నిండు బరువుతో ఎత్తుకు పోకుండా కిందనే సాగి, కొంత పెట్రోలు ఖర్చయి తేలికపడ్డాక ఎక్కాలి.

సింగపూర్ ప్రణాళికలో కర్టిస్ లెమే అనే కమాండరు చేసిన మార్పులు కూడా ఈ లెక్క నుంచి పుట్టినవే. 30,000 అడుగుల ఎత్తు బదులు 20,000 అడుగులు. పెద్ద గుంపుల బదులు నాలుగేసి విమానాల చిన్న గుంపులు. గుంపులో పక్కవాడికి సరిపోయేలా ఎగరాలంటే పదే పదే పవరు పెంచాలి, తగ్గించాలి. గుంపు ఎంత పెద్దదైతే ఆ వృథా అంత పెరుగుతుంది.

మరి అంత దూరం వెళ్లి కొట్టాలనుకున్నది ఏమిటి? ఒక తలుపు. అవును, తలుపే. సింగపూర్ నౌకా స్థావరంలో ఆరో జార్జి రాజు పేరు పెట్టిన డ్రై డాక్ ఉంది. 1938లో తెరిచారు, వెయ్యి అడుగుల పొడవు. పెద్ద యుద్ధ నౌకలు మరమ్మతుకు అందులోకి వస్తాయి. డ్రై డాక్ ఎలా పనిచేస్తుందో చూడండి. ఓడ లోపలికి వచ్చాక నోటి దగ్గర ఒక పెద్ద ఉక్కు పెట్టెను తేలించి తెచ్చి నిలబెడతారు. దాంట్లోకి నీళ్లు వదిలితే అది గాడిలోకి దిగి కూర్చుంటుంది. లోపలి నీళ్లు తోడేస్తే బయటి సముద్రమే ఆ పెట్టెను గాడికి అదిమి పట్టుకుంటుంది. బోల్టు లేదు, గొళ్లెం లేదు. సముద్రపు బరువే తాళం. ఆ పెట్టె పగిలిందా, అదే సముద్రం లోపలికి దూకుతుంది. దిమ్మెల మీద నిలబెట్టిన ఓడ లేచి గోడకు గుద్దుకుంటుంది.

సరిగ్గా అదే జరిగింది. ముందు వెళ్లిన విమానం బాంబులు ఆ తలుపును పట్టుకున్నాయి. లోపల మరమ్మతులో ఉన్న రవాణా ఓడ నీటి ఉరవడికి గోడను గుద్దుకుంది. డాక్ మూడు నెలలు పనికిరాలేదు. దీంతో పోల్చడానికి ఒక్క మాట. అదే ఏడాది జూన్ 15న చైనా మీదుగా వెళ్లి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారాన్ని కొట్టబోయారు. 68 లేచాయి, 47 బాంబులు వేశాయి, కర్మాగారంలో పడింది ఒక్క బాంబు. ఆ దారిలో ఒక విమానం ఒక దాడి చేయాలంటే ముందుగా దాదాపు ఆరుసార్లు హిమాలయాలు దాటి చైనాకు పెట్రోలు మోయాలి. సింగపూర్‌కు ఆ మోత లేదు, నేరుగా మన ఊరి నుంచే.

అయితే ఆ డాక్‌లో ఆ ఉదయం పనిలో ఉన్న కూలీలు? జపాన్ సేన కింద పనిచేస్తున్న సాధారణ కార్మికులు చాలామంది తప్పించుకోలేక చచ్చిపోయారు. బాంబు గురి బాగుందని చెప్పినప్పుడు ఈ సంగతీ అదే వాక్యంలో చెప్పాలి. మన తెలుగు తీరానికీ ఇది కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. రేవు మీద దాడి అంటే రేవులో కూలి చేసేవాడి మీద దాడి కూడా. విశాఖ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

మరి తట్ట మోసినవాళ్లు? మళ్లీ వాళ్ల దగ్గరికి వచ్చాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఆ రోజుల్లో మనవాళ్లు ఎందరో. కలకత్తా రేవు నుంచి వచ్చే సరుకు ఈ లైన్ల మీదే నడిచింది. బండి నడిపినవాళ్లు, బొగ్గు వేసినవాళ్లు, సిగ్నలు ఇచ్చినవాళ్లు ఎవరు? మీ తాతలు. మీ ఇళ్లల్లో ఆనాటి సర్వీసు పుస్తకం ఉండొచ్చు, ఒక పాసు ఉండొచ్చు, గోడకు ఒక ఫోటో ఉండొచ్చు. అమ్మా, మీరు నవ్వుతున్నారు, మీ ఇంట్లో ఉందేమో చూడండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాల వాడికి వేసెయ్యకండి. వెనక తారీఖు, స్టేషను పేరు రాసి పెట్టండి. ముసలివాళ్లు బతికుండగానే అడిగి రాయండి.

తర్వాతి సంగతి రెండు మాటల్లో. 1945 ఫిబ్రవరి 1న మళ్లీ వెళ్లి సింగపూర్‌లోని తేలే డాక్‌ను ముంచారు. అప్పుడు ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనల అధిపతి మౌంట్‌బాటెన్, రేపు మనకే కావాల్సిన డాక్‌లను పాడు చేయొద్దని, ఆ నౌకా స్థావరాన్ని వదిలేయమన్నాడు. మార్చి ఆఖరులో ఇక్కడి నుంచి ఆఖరి దాడి జరిగింది. విమానాలు పసిఫిక్‌లోని మరియానా దీవులకు వెళ్లిపోయాయి. ఇక్కడ కాంక్రీటు మిగిలింది. దూధ్‌కుండీలో ఇప్పుడు మన వైమానిక దళం బాంబులు వేయడం సాధన చేస్తుంది. పియార్‌డోబా పట్టీ బిష్ణుపూర్ దారిలో అడవి మధ్య అలాగే పడి ఉంది. వెళ్తే, అంచు పగిలిన చోట వంగి చూడండి. పైన కాంక్రీటు, కింద కంకర పొర కనపడుతుంది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు చెయ్యి చూపిస్తున్నారు. ఇంజను బొమ్మ, డాక్ తలుపు బొమ్మ బయట వరండాలో పెట్టించాను. వర్క్‌షాపు పెద్దలు ముందు రండి. ఎగ్జాస్ట్ వాల్వు గురించి మీరు అడగండి, నేను చెబుతాను. పాత ఫోటోల గురించి నేను అడుగుతాను, మీరు చెప్పాలి.