కోడ్ మారినప్పుడే డాక్స్ కూడా మారాలి

అందరికీ నమస్కారం. సొంత క్లౌడ్ నడుపుకోవడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ మీద ప్రసంగం అనగానే, వర్చువల్ మెషీన్లు నడిపే నోవా గురించో, నెట్‌వర్క్ చూసే న్యూట్రాన్ గురించో చెబుతారనుకుంటారు. నేను వాటి డాక్యుమెంటేషన్ (డాక్స్) గురించి, అంటే వాటిని వాడేవాళ్ల కోసం రాసే గైడ్‌ల గురించి మాట్లాడతాను. 'ఎవరో ఒకరు రాస్తారులే' అని అందరూ పక్కన పెట్టేసే పని అది.

మీ క్లౌడ్‌కి కొత్త కంప్యూట్ సర్వర్ ఒకటి కలిపారనుకుందాం. గైడ్‌లో ఉన్నవన్నీ వరసగా చేశారు. సర్వీసుల జాబితాలో అది కనిపిస్తోంది, 'అప్' అని కూడా ఉంది. కానీ ఒక్క వర్చువల్ మెషీన్ కూడా దాని మీదకి వెళ్లదు. పాత సర్వర్లు నిండిపోయాక 'నో వాలిడ్ హోస్ట్ వాజ్ ఫౌండ్' (తగిన సర్వర్ దొరకలేదు) అని ఎర్రర్ వస్తుంది. ఇక టెన్షన్ మొదలు. లాగ్‌లు తిరగేస్తారు, నెట్‌వర్క్‌ని అనుమానిస్తారు, సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తారు.

జరిగిందేమిటంటే, 2017 ఫిబ్రవరిలో వచ్చిన ఒకాటా రిలీజ్‌తో నోవాలో సెల్స్ వీ2 తప్పనిసరి అయింది, అంటే సర్వర్లను 'సెల్' అనే గుంపుల్లో ఉంచే పద్ధతి. కొత్త హోస్ట్ (సర్వర్) ఏ సెల్‌కి చెందుతుందో నమోదు కావాలి. అందుకు నోవా-మేనేజ్ అనే టూల్‌తో 'డిస్కవర్ హోస్ట్స్' కమాండ్ నడపాలి, లేదా ఏ మెషీన్ ఏ సర్వర్ మీదకి వెళ్లాలో తేల్చే షెడ్యూలరే అప్పుడప్పుడూ వెతుక్కునేలా కాన్ఫిగ్‌లో పెట్టాలి. అంతకు ముందు రిలీజ్ కోసం రాసిన గైడ్‌లో ఆ లైను ఉండదు. ఆ గైడ్ రాసినవాళ్ల తప్పేమీ లేదు, అప్పటికి అది సరిగ్గానే ఉంది. సెర్చ్‌లో ముందు ఆ పేజీ దొరికింది, అది ఏ రిలీజ్‌దో చదివేవాళ్లు గమనించలేదు, అంతే.

ఓపెన్‌స్టాక్‌లో ఇలాంటివి బోలెడు. 2010లో రాక్‌స్పేస్, నాసా కలిసి మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో దాదాపు ఆరు నెలలకో రిలీజ్ వస్తుంది. నోవాలో ఉన్న వాల్యూమ్‌ల (వర్చువల్ డిస్కుల) పని 2012లో సిండర్‌గా విడిపోయింది. నెట్‌వర్క్ ప్రాజెక్టు క్వాంటమ్ పేరు 2013లో న్యూట్రాన్ అయింది. ఏ సర్వర్‌లో ఎంత ఖాళీ ఉందో లెక్క చూసే ప్లేస్‌మెంట్ 2019లో నోవా నుంచి బయటికొచ్చింది. కోడ్‌లో ఇవన్నీ పద్ధతిగానే జరిగాయి. పాత పేజీలు మాత్రం ఇంకా పాత పేర్లతో జనానికి దారి చూపిస్తూనే ఉన్నాయి.

మొదట్లో మాన్యువల్స్ అన్నీ ఒకే రిపోలో (ఫైళ్లు దాచే చోట) ఉండేవి, వాటికో ప్రత్యేక డాక్స్ టీమ్ ఉండేది. కోడ్ రాసినవాళ్లు తమ మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌లో 'డాక్‌ఇంపాక్ట్' అని ఒక ముక్క పెడితే డాక్స్ వైపు ఒక బగ్ తెరుచుకునేది. పద్ధతి బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ బగ్ ఎవరైనా తెరిచి చూసేసరికి కోడ్ రాసిన మనిషి ఇంకో ఫీచర్‌లో మునిగిపోయి ఉంటారు. డాక్స్ రాసేవాళ్లు అసలేం మారిందో మొదటి నుంచీ తవ్వుకోవాలి. టీమ్‌లో మనుషులు తగ్గిపోయాక, 2017లో పైక్ రిలీజ్ సమయానికి, ఆ మాన్యువల్స్‌లో చాలా భాగాన్ని ఆయా ప్రాజెక్టుల రిపోల్లోకే తరలించారు. నా దృష్టిలో అది సరైన పని. కోడ్, డాక్స్, రిలీజ్ నోట్ ఒకే ప్యాచ్‌లో (ఒకే మార్పుగా) వస్తే, 'డాక్స్ ఏవీ?' అని రివ్యూలోనే అడగొచ్చు, అవి వచ్చేదాకా మర్జ్ ఆపొచ్చు, అంటే ఆ ప్యాచ్‌ని ప్రాజెక్టులో కలపకుండా ఉంచొచ్చు.

దీనివల్ల నష్టం లేదని మాత్రం అనను. ఎవరి ఇల్లు వాళ్లు ఊడ్చుకుంటారు, మరి వీధి ఎవరు ఊడవాలి? మెటాడేటా సీక్రెట్ సంగతే చూడండి. వర్చువల్ మెషీన్ లేచేటప్పుడు దానికి కావాల్సిన వివరాలే (మెటాడేటా), అవి అందించడానికి నోవా, న్యూట్రాన్ పంచుకునే రహస్య పదమే ఆ సీక్రెట్. అది న్యూట్రాన్ మెటాడేటా ఏజెంట్ ఫైల్లోనూ, నోవా కాన్ఫిగ్‌లోనూ ఒకటే ఉండాలి. రెండింటికీ తేడా వస్తే వర్చువల్ మెషీన్ మామూలుగానే లేస్తుంది. దానికి మెటాడేటా అందదు, లాగిన్‌కి కావాల్సిన మీ ఎస్‌ఎస్‌హెచ్ కీ లోపలికి చేరదు, లాగిన్ అవ్వదు. నోవా ఫైల్ మార్చమని చెప్పేది న్యూట్రాన్ గైడ్. రేపు నోవాలో ఆ ఆప్షన్ పేరు మారితే న్యూట్రాన్ పేజీని ఎవరు సరిచేయాలి? ఇలా రెండు ప్రాజెక్టుల మధ్య పడే పేజీలకు పేరు పెట్టి ఒక మనిషిని బాధ్యుల్ని చేయాలని నేను ఎప్పుడూ పోరుతుంటాను. 'కమ్యూనిటీ చూసుకుంటుంది' అంటే ఎవరూ చూసుకోరనే అర్థం.

మెషీన్లు కొంత సాయం చేస్తాయి. కాన్ఫిగ్ ఆప్షన్ల జాబితాను కోడ్ నుంచే తీయొచ్చు. డాక్స్ పేజీలు తయారుచేసే టూల్ స్ఫింక్స్ ఇచ్చే హెచ్చరికల్ని ఎర్రర్లుగా లెక్కిస్తే విరిగిన రిఫరెన్సులు రివ్యూ దగ్గరే ఆగిపోతాయి. కానీ గైడ్‌లో ఒక స్టెప్పు తప్పిపోయిందని స్ఫింక్స్‌కి తెలియదు. ఖాళీ మెషీన్ తీసుకుని, తెలిసినదంతా పక్కన పెట్టి, గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు టైప్ చేసుకుంటూ పోతేనే అది బయటపడుతుంది. రిలీజ్‌కి ముందు ప్రతిసారీ ఎవరో ఒకరు అలా కూర్చోవాలి. విసుగు పని, ఒప్పుకుంటాను. దీనికి కొత్తగా చేరినవాళ్లే మేలు, మనలా ఖాళీల్ని మనసులో పూరించుకుంటూ చదవరు.

రివ్యూ చేసేవాళ్లకు ఒక మాట. కొత్తవాళ్లు పంపిన డాక్స్ ప్యాచ్‌లో కామాలు, ఇంగ్లీషు వ్యాకరణం మీద వరస కామెంట్లు పెట్టకండి. కమాండ్ సరైనదైతే మర్జ్ చేసి, భాషను మీరే తర్వాతి ప్యాచ్‌లో దిద్దండి.

అలాగే పేజీలు తీసేయడానికి వెనకాడకండి, పాత లింకు మాత్రం కొత్త చోటికి మళ్లించండి. ఎవరైనా చాట్‌లో 'ఇన్‌స్టాల్ అవ్వట్లేదు' అని అడిగితే అక్కడ జవాబిచ్చి వదిలేయకుండా, ఆ జవాబునే గైడ్‌కి ప్యాచ్‌గా పంపండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.