ఆసుపత్రికి రాని వాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

[తెర మీద: ప్రభుత్వాసుపత్రి ఓపీ ముందు బారులు తీరిన జనం]

మానసిక జబ్బు అనగానే మన దగ్గర చాలామందికి ఎర్రగడ్డ గుర్తొస్తుంది. విశాఖ వైపు వాళ్లకైతే చినవాల్తేరు. ఆ ఊళ్ల పేర్లను తిట్లుగా కూడా వాడేశాం. అక్కడి మానసిక ఆసుపత్రుల గోడల లోపల ఉన్నవాళ్లను చూసి మానసిక జబ్బంటే ఇంతే అనుకుంటాం. చాలాకాలం పరిశోధకుల పరిస్థితీ దాదాపు అంతే. చేతికి అందేది ఆసుపత్రిలో ఉన్న రోగులే కాబట్టి వాళ్లనే చూశారు, వాళ్ల గురించే రాశారు.

అందులో ఏం పొరపాటు జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

[తెర మీద: ఖాళీ వార్డు. నెలనెలా రెండేసి బొమ్మలు వచ్చి చేరుతుంటాయి]

ఒక వార్డులో ప్రతి నెలా ఇద్దరు కొత్తగా చేరతారనుకోండి. ఒకరు నెల తిరిగేసరికి కోలుకుని ఇంటికి వెళ్లిపోతారు. రెండో మనిషి ఏడాది పాటు ఉండిపోతారు. అంటే చేరేవాళ్లలో సరిగ్గా సగం మంది త్వరగా బాగయ్యేవాళ్లే. ఇలా ఏడాది గడిచాక, ఏదో ఒక రోజు మీరు ఆ వార్డుకు వెళ్లి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. 13 మంది కనిపిస్తారు. వాళ్లలో 12 మంది ఏడాది ఉండేవాళ్లు. నెలలో వెళ్లిపోయే మనిషి ఒక్కరే!

"ఈ జబ్బు వస్తే ఇక తగ్గదు" అని మీకు అనిపిస్తుంది. రోజూ అక్కడే పనిచేసే డాక్టరుకూ, నర్సుకూ అలాగే అనిపిస్తుంది. కోలుకున్నవాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు కదా. 1984లో పట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే అమెరికా పరిశోధకులు ఈ సంగతిని వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. వైద్యుల భ్రమ అని దానికి పేరు. ఇందులో డాక్టర్ల తప్పేమీ లేదు. వాళ్లు నిలబడ్డ చోటు నుంచి కనిపించేది అంతే.

మరి దీనికి విరుగుడు? జబ్బు మొదలైనప్పటి నుంచే రోగులందరి పేర్లూ రాసుకుని, బాగైనవాళ్లను కూడా వదలకుండా ఏళ్ల తరబడి కలుస్తూ ఉండాలి. చెన్నైలో 1980ల మొదట్లో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) తొలిసారి వచ్చిన 90 మందితో ఇలాంటి అధ్యయనమే మొదలైంది. ఈ జబ్బు మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థకు చెందిన డాక్టర్ ఆర్. తారా బృందం ఇరవై ఏళ్ల దాకా వాళ్ల బాగోగులు చూస్తూ వచ్చింది. పదేళ్ల తర్వాత చూస్తే ఎక్కువమందిలో లక్షణాలు బాగా తగ్గి ఉన్నాయి. "మావాడి జీవితం అయిపోయినట్టేనా డాక్టరుగారూ?" అని అడిగే తల్లిదండ్రులకు ఈ మాట ఎంత ధైర్యమో ఆలోచించండి.

[తెర మీద: వీధిలో ఫైలు పట్టుకుని తలుపు తడుతున్న యువతి]

ఇది ఆసుపత్రికి వచ్చినవాళ్ల కథ. అసలు రానివాళ్ల సంగతేంటి? అది తెలియాలంటే ఇంటింటికీ వెళ్లాల్సిందే. 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాల్లో 39,532 మందితో మాట్లాడారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే పదిమందిలో ఒకరు.

అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది దాని పక్కనున్న ఇంకో అంకె. డిప్రెషన్, ఆందోళన లాంటి జబ్బులున్నవాళ్లలో 85 శాతం మందికి వైద్యం అందడం లేదని అదే సర్వేలో తేలింది. మద్యం సమస్య ఉన్నవాళ్లలో 86 శాతం. తీవ్రమైన జబ్బుల్లోనూ 74 శాతం దాకా అంతే. వీళ్లు ఎక్కడికీ వెళ్లడం లేదని కాదు. నీరసమంటూ ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటారు. గుండె దడ అని ఈసీజీ తీయించుకుంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటారు. సైకియాట్రీ ఓపీ రిజిస్టర్‌లో మాత్రం వీళ్ల పేరు ఉండదు.

ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గురించి మాట్లాడేటప్పుడు ఆ శాతాలను అలాగే అతికించేయడం సరికాదు.

ఇంటింటి సర్వేకూ అందనివాళ్లు ఉన్నారు. ఇల్లే లేనివాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు, ఆ రోజు వార్డుల్లో ఉన్నవాళ్లు. ఇంట్లో దొరికినా, పక్క గదిలో అత్తగారు వింటుంటే కోడలు తన దిగులు ఎంతవరకు చెప్పగలదు?

[తెర మీద: తొమ్మిది గడులున్న ప్రశ్నాపత్రం]

ఇక ప్రశ్నాపత్రాల గురించి. డిప్రెషన్ ఉందేమో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని ఒకటుంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడిగే తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడటం మంచిదని సాధారణంగా చెబుతారు. ఫోన్లో ఈ ప్రశ్నలు చూసుకుని "నాకు డిప్రెషన్ ఉంది" అని ఎవరికి వారే తేల్చేసుకుంటున్నారు. కూతురి పెళ్లి అప్పు టెన్షన్‌తో నిద్ర పట్టని తండ్రికీ స్కోరు పెరుగుతుంది. అది డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ తేడా కావచ్చు, అప్పు తీరగానే సర్దుకునే దిగులూ కావచ్చు. ఆ తేడా తేల్చడానికి మనిషి కూర్చుని మాట్లాడాలి.

ఆ మాటామంతీ ఊళ్లోనే జరిగితే ఎలా ఉంటుందో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ప్రయత్నించి చూశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ల స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు అది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి 5,007 మందిని ఇలాంటి ప్రశ్నలు అడిగారు. 238 మందికి సమస్య ఉండొచ్చని తేలింది. వాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపారు. మానసిక జబ్బంటే సిగ్గుపడక్కర్లేదని ఊళ్లలో ప్రచారం కూడా చేశారు. ఆ 238 మందిలో మానసిక వైద్య సేవలు వాడుకున్నవాళ్లు అంతకుముందు 0.8 శాతం. తర్వాత 12.6 శాతం.

చిన్న అంకెలా ఉందా? నాకు మాత్రం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. దీనికోసం కొత్త ఆసుపత్రి కట్టలేదు. ఊరందరికీ తెలిసిన ఆశా అక్కే వచ్చి అడిగింది. అయినా ఎనిమిదిమందిలో ఏడుగురు వెళ్లలేదు. కూలి పోతుందనా, బస్సు లేకనా, నలుగురూ చూస్తారనా? అది కూడా వాళ్ల ఇంటికి వెళ్లి అడగాల్సిన ప్రశ్నే.

[తెర మీద: 14416]

మీ ఇంటికి ఇలాంటి సర్వే వస్తే ముందు మూడు విషయాలు అడగండి. ఏ సంస్థ తరఫున వచ్చారు, నా పేరు బయటపడకుండా ఏం చేస్తారు, నాకు జబ్బు ఉందని తేలితే ఎక్కడికి పంపిస్తారు. సరైన జవాబు రాకపోతే వద్దనే హక్కు మీకుంది. వస్తే, కాస్త ఏకాంతంగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పండి. సర్వే దాకా ఆగలేని స్థితిలో మీరుంటే, మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.