ఫోన్-ఇన్: రెక్క కొసల్లో ఆవిరి గీతలు

యాంకర్: నమస్కారం. కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్లలో సొంతంగా విమానాలు చేసుకునేవాళ్ల కోసం ఈ వారం కార్యక్రమం. విమానం గట్టిగా తిరిగినప్పుడు రెక్క కొసల్లో కనిపించే తెల్లటి ఆవిరి గీతల గురించి. సార్ స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి.

కాలర్ (గుంటూరు): సార్, ఎఫ్ఎస్ఎక్స్ సిమ్యులేటర్‌లో నా జెట్‌కి గీతలు పెట్టాను. రెక్క చివర రావాల్సినవి బాడీ పక్క నుంచి వస్తున్నాయి.

నిపుణుడు: ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత?

కాలర్: పది మీటర్లు.

నిపుణుడు: విమానం సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లో ఎంత వేశారు?

కాలర్: ఐదు. సగం కదా సార్.

నిపుణుడు: అక్కడ లెక్క అడుగుల్లో బాబూ. 5 మీటర్లంటే 16.4 అడుగులు. మీరు 5 వేస్తే మధ్య నుంచి మీటరున్నర దూరంలోనే మొదలవుతుంది. ఎడమ వైపుకి మైనస్ పెట్టండి. ఏ సెక్షన్‌లో రాశారు?

కాలర్: స్మోక్ సిస్టమ్‌లో.

నిపుణుడు: అదీ సంగతి. అది ఎయిర్ షో పొగ. ఐ కీ నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. విమానాన్ని మీరెంత గట్టిగా తిప్పినా దానికేం పట్టదు. ఎప్పుడూ కనిపించేది పొగ, ఆవిరి కాదు. ఇంకోటి, ఫైల్‌లో చెయ్యి పెట్టే ముందు కాపీ తీసుకోండి.

యాంకర్: థాంక్యూ. హనుమకొండ నుంచి లైన్‌లో ఉన్నారు.

కాలర్ (హనుమకొండ): నమస్తే సార్. నేను ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్‌లో తేజస్ చేస్తున్నా సార్. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే మొత్తం. కాక్‌పిట్ అయిపోయింది, గేర్ కొంచెం ఉంది, టైర్ల మీద అతికించే బొమ్మ, అదే టెక్స్‌చర్ దగ్గర మా ఫ్రెండ్ ఏమన్నాడంటే...

నిపుణుడు: గీతల సంగతి చెప్పు నాయనా.

కాలర్: ఆ, గీతలు. రెండు కొసల్లో ఆవిరి చుక్కలు వదిలే ఎమిటర్లు పెట్టా. వస్తున్నాయి. కానీ రన్‌వే మీద నిలబెట్టినా అప్పుడప్పుడు వస్తున్నాయి. పైకెళ్లాక బాగానే ఉంటాయి, కాకపోతే చుక్కలు చుక్కలుగా. టెక్స్‌చర్ మార్చా, ఇంకోటి పెట్టా, అయినా అంతే.

నిపుణుడు: ఎమిటర్లని దేనితో నడుపుతున్నావు?

కాలర్: యాంగిల్ ఆఫ్ అటాక్‌తో, అదే ఎదురుగాలికి రెక్క చేసే కోణంతో.

నిపుణుడు: అదొక్కటేనా? నిలబడ్డ విమానానికి వెనక నుంచి గాలి తగిలితే ఆ అంకె ఇష్టమొచ్చినట్టు దూకుతుంది. స్పీడు షరతు పెట్టు, జీ షరతు పెట్టు, అంటే గట్టిగా లాగినప్పుడు బరువు ఎన్ని రెట్లయిందో అది. గాలిలో తేమ చూడు. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి కొస దగ్గర పైకి చుట్టుకుని సుడి తిరుగుతుంది. సుడి నడిమధ్యన ఒత్తిడి పడిపోయి గాలి చల్లబడుతుంది, అప్పుడు తేమ ఉంటేనే తెల్లగా కనబడుతుంది. లేకపోతే సుడి ఉన్నా నీకు కనబడదు.

కాలర్: ఏరో ఇండియా ఎయిర్ షో వీడియోల్లో మరి కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు సార్.

నిపుణుడు: అది జరిగేది బెంగళూరు యలహంకలో, ఫిబ్రవరిలో కదా. మధ్యాహ్నానికి గాలి పొడిబారుతుంది. అందుకే ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) రెండూ తీసుకో, సిమ్యులేటర్ ఇచ్చే అంకెలుగా, అదే డేటారెఫ్‌లుగా దొరుకుతాయి. తేడా 5 డిగ్రీలు దాటితే నేనైతే గీతల్ని బాగా తగ్గించేస్తాను. లువా భాషలో చిన్న స్క్రిప్ట్ రాసి అన్నీ కలిపి సున్నా నుంచి ఒకటి దాకా ఒకే అంకె చేసి, ఎమిటర్‌కి అదివ్వు. జీ 3 దగ్గర మొదలై 5కి నిండాలి. 4 దగ్గర టక్కున వెలిగేలా పెడితే మినుకుమినుకుమంటుంది.

కాలర్: సరే సార్. మరి ఆ చుక్కలు? టెక్స్‌చర్ మార్చా సార్...

నిపుణుడు: చెప్పావు. టెక్స్‌చర్ తప్పు కాదు. సెకనుకి ఎన్ని చుక్కలు వదులుతున్నావు?

కాలర్: 60.

నిపుణుడు: వేగం 300 నాట్లంటే సెకనుకి సుమారు 154 మీటర్లు. 60తో భాగించు. చుక్కకీ చుక్కకీ మధ్య రెండున్నర మీటర్లు. పూసల దండలా కాక ఇంకెలా కనబడుతుంది? 400 చెయ్యి, 40 సెంటీమీటర్ల లోపుకి వస్తుంది. చుక్క సైజు దానికంటే కాస్త పెద్దది పెట్టు. ఒక్కో చుక్కకి ఆయుష్షు ఎంతిచ్చావు?

కాలర్: పది సెకన్లు. పొడుగ్గా ఉంటే బాగుంటుందని.

నిపుణుడు: అప్పుడు ఒక్కో రెక్కకి 4,000 అవుతాయి, ఫ్రేమ్‌లు పడిపోతాయి. ఒక్క సెకను చాలు. నిజంగానే అవి తొందరగా ఆరిపోతాయి. ఇంకో మాట, తేజస్‌ది డెల్టా రెక్క. గట్టిగా లాగినప్పుడు ముందంచు వెంబడే సుడి లేస్తుంది. ఆవిరి రెక్క పైన పరుచుకోవాలి. కొసల్లోనే పెడితే సగమే చేసినట్టు.

కాలర్: సార్, అంటే రన్‌వే మీద రాకుండా...

నిపుణుడు: (నవ్వుతూ) స్పీడు షరతు. రాసుకో. ముందు కాపీ తీసుకో, తర్వాతే మార్చు.

యాంకర్: థాంక్యూ అండీ, ఇంకా చాలామంది ఉన్నారు. కర్నూలు.

కాలర్ (కర్నూలు): ఎక్స్‌బాక్స్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడతాను. నా సొంత ఎఫెక్ట్ ఎక్కడ వెయ్యాలి?

నిపుణుడు: వెయ్యలేరు. సొంతవి వేసుకునే కమ్యూనిటీ ఫోల్డర్ పీసీలోనే. ఎక్స్‌బాక్స్‌లో అయితే మార్కెట్‌ప్లేస్‌లో దొరికేవే.

యాంకర్: ఓకే. విశాఖపట్నం.

కాలర్ (విశాఖ): నమస్తే అండీ. మీరు జీ 3 అన్నారు. నాది పెద్ద ప్యాసింజర్ విమానం, అంత ఎక్కడ లాగుతాను? కానీ తేమ ఎక్కువున్న రోజు ల్యాండింగ్‌లో నిజంగానే చూశాను.

నిపుణుడు: మంచి ప్రశ్న అమ్మా. బరువుగా, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు 1 జీలోనే సుడి బలంగా ఉంటుంది. మీరు చూసింది ఫ్లాప్, అంటే రెక్క వెనకంచున కిందికి దిగే పలక, దాని బయటి అంచు నుంచి వచ్చి ఉంటుంది. ఎమిటర్ అక్కడ పెట్టండి, జీ బదులు ఫ్లాప్ కోణం, తేమ వాడండి. ఫ్లాప్‌తో పాటే ఎమిటర్ కూడా కిందికి దిగేలా చూసుకోండి.

కాలర్: మరి చాలా ఎత్తులో వెళ్లేటప్పుడు వెనక గీత...

నిపుణుడు: అది ఇంజన్ నుంచి వచ్చే కాంట్రెయిల్, దాదాపు మైనస్ 40 డిగ్రీల చలిలో ఏర్పడేది. దీనికీ దానికీ ముడిపెట్టకండి, వేరే ఎమిటర్.

యాంకర్: థాంక్యూ మేడమ్. నిజామాబాద్... హలో? హలో? లైన్ కట్ అయినట్టుంది. చిన్న బ్రేక్.